మైక్‌సెట్టోళ్ల చదువంట!

"ఆడియో ఇంజనీరింగా? అంటే ఏంది వదినా, పెండ్లిండ్లకు మైక్‌సెట్ పెట్టేదా?"

మా మరిది ఈ మాట అని నవ్వాడు. వరండాలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. టీ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడ్డ నేనూ, నలుగురితో పాటు ఒక నవ్వు నవ్వేశాను. పాప మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి మిద్దె మీదికి వెళ్లిపోయింది.

వాళ్ల నవ్వు గురించి నాకు పెద్ద బాధ లేదు. నా నవ్వు గురించే బాధ. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఇంటర్ తర్వాత ఏమిటి అన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వేయలేదు, ఎందుకంటే జవాబు ముందే ఉంది. బీటెక్, కంప్యూటర్స్. ఎవరు నిర్ణయించారు అంటే ఎవరూ కాదు. మాఘమాసం వస్తే పెళ్లిళ్లు వచ్చినట్టు, ఇంటర్ అయిపోతే బీటెక్ వస్తుంది. దాన్ని చదువు ఎంచుకోవడం అంటామా? చుట్టాల ముందు చెప్పుకోడానికి ఒక మాట ఎంచుకోవడం అది. "పాప ఏం చదువుతాంది?" అంటే "బీటెక్" అని ఒక్క ముక్కలో చెప్పేయాలి. రెండో ముక్క అవసరం పడకూడదు. మన పిల్లల నాలుగేళ్లు, మన లక్షలు, ఆ ఒక్క ముక్క కోసం పోస్తున్నాం.

మరి పాపకు ఈ సౌండు పిచ్చి ఎక్కడిది? మైక్‌సెట్ దగ్గరే మొదలైంది. మా మరిది ఎగతాళికి అన్నది నిజమే.

అది తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు శ్రీరామనవమికి గుళ్లో చెక్కభజన పెట్టారు. భజన మొదలైందో లేదో, మైకు చెవులు పగిలేలా కుయ్‌మని కూత పెట్టింది. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు పోయి ఆంప్లిఫయర్ మీదున్న బటన్లన్నీ తిప్పారు. కూత పెరిగిందే కానీ తగ్గలేదు. ఆడవాళ్లలో కూర్చున్న పాప లేచి వెళ్లి, మైక్‌సెట్ అబ్బాయితో, "అన్నా, మైకు బాక్సుల ముందర ఉండాది. బాక్సుల వెనక్కి తెచ్చి పెట్టన్నా" అంది. పెట్టాడు. ఆగిపోయింది.

ఆ రాత్రి నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోతుందట. ఆంప్లిఫయర్ దాన్ని పెంచి మళ్లీ బాక్సుకు పంపుతుందట. అది మళ్లీ మైకులోకి. అలా తిరిగి తిరిగి కూత అవుతుంది. "మీరూ నాయనా కొట్లాడినట్టేమా. నువ్వు ఒక మాట అంటే నాయన గట్టిగా అంటాడు, అది విని నువ్వు ఇంకా గట్టిగా అంటావు" అంది. మా జేజి చెవి మిషను అప్పుడప్పుడూ ఈల వేస్తుంది కదా, అదీ ఇదేనట. మిషను చెవిలో సరిగ్గా కూర్చోకపోతే బయటికి వచ్చిన శబ్దం మళ్లీ దాని మైకులోకే పోతుందట. అప్పటిదాకా ఈల వచ్చినప్పుడల్లా మేము "బ్యాటరీ చెడిపోయింది" అని బ్యాటరీలు మారుస్తూ వచ్చాం. పాప చెప్పాక అనంతపురం తీసుకెళ్లి చెవిలో పెట్టే ఆ మూతను సరైన సైజుది వేయించాం. ఈల పోయింది. జేజి ఇప్పుడు టీవీ సౌండు తగ్గించి చూస్తోంది.

ఇంకొకటి చెప్తాను. మా అత్తగారు అంటే పాపకు జేజి, విసురుకునే పాటలు, పెళ్లిపాటలు చాలా పాడుతుంది. పాప వాటిని ఫోనులో రికార్డు చేసేది. హాల్లో కూర్చోబెట్టి రికార్డు చేస్తే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది. ఒకరోజు వంట ముగించి వచ్చి చూస్తే, నా చీరల బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి, దాని ముందు జేజిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక మంచం నిలబెట్టి దాని మీద బొంతలు వేసి ఉంది. నాకు కోపం వచ్చింది. "ఇస్త్రీ చీరలే అవి!" అన్నాను. "ఉండుమా, ఒక్కసారి విను" అని రెండు రికార్డులూ వినిపించింది. మొదటిదాంట్లో గోడలు, నేల, గొంతు అన్నీ కలిసి వినిపించాయి. రెండోదాంట్లో జేజి గొంతొక్కటే వినిపించింది, ఊపిరి తీసుకునేది కూడా. ఉత్త గోడ శబ్దాన్ని తిప్పి కొడుతుంది, గుడ్డ మింగేస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ బీరువా తెరుస్తున్నాను. అది ఒక స్టూడియో గోడ అని నాకు తెలియదు.

ఇది చదువు కాదంటారా?

శబ్దం గురించి ఆలోచించడం చిన్నపని అనుకునేవాళ్లకు ఒక్క సంగతి. సి.వి. రామన్ అంటే మనకు నోబెల్ బహుమతి, కాంతి అని మాత్రమే తెలుసు. అంతకు పదేళ్ల ముందు, 1920లో, ఆయన మృదంగం, తబలా గురించి ‘నేచర్’ పత్రికలో రాశారు. మామూలు తోలు వాయిద్యం కొడితే చప్పుడు వస్తుంది, మృదంగం కొడితే శ్రుతి ఎందుకు పలుకుతుంది, మధ్యలో ఉన్న ఆ నల్లటి ముద్ద ఏం చేస్తుంది అని. మన తెలుగువారు బయ్యా యజ్ఞనారాయణ గారు మద్రాసు ఐఐటీలో, ఆ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మనిషి మాటలోని శబ్దం మీదే జీవితమంతా పరిశోధన చేశారు. వీళ్లెవరికీ "మైక్‌సెట్టోళ్లు" అని పేరు పెట్టలేదు కదా మనం.

అంత దూరం ఎందుకు, మనకు ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాటలో తెర మీద బొమ్మలనే అందరూ చూస్తారు. తెర వెనక చూస్తే, బొమ్మలాడించేవాళ్ల కాళ్ల కింద చెక్కలుంటాయి. యుద్ధం వచ్చినప్పుడు వాటిని టకటకా తొక్కుతారు. ఆ శబ్దం లేకపోతే రావణాసురుడు ఉత్త తోలు ముక్క. ఇక సీతకూ మండోదరికీ గొంతులిచ్చేది, పాడేది ఆ ఇళ్ల ఆడవాళ్లే. "ఆడదానికి ఈ సౌండు పని ఏంటికి?" అని ఇప్పుడు అడుగుతున్నారే, మన ప్రాంతంలో తరతరాలుగా ఆడవాళ్లు చేస్తున్న పని ఇది. జీతం, సర్టిఫికెట్, ఏసీ గది వచ్చేసరికి అది మగవాళ్ల పని అయిపోయిందా?

సరే, ఇప్పుడు అందరూ వేసే ప్రశ్నకు వస్తాను. "ఉద్యోగానికి గ్యారంటీ ఏంది?"

ఈ ప్రశ్న ఎవరడుగుతున్నారు? రాప్తాడులో రైతులం మేము అడుగుతున్నాం! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఆ సగటు కూడా కాగితం మీదిదే. పడితే రెండు రోజుల్లో పడిపోతుంది, లేకపోతే పూత మీద ఉన్నప్పుడు నెలరోజులు మొహం చాటేస్తుంది. అయినా ప్రతి ఏడాదీ అప్పు తెచ్చి వేరుశనగ విత్తనాలు భూమిలో పోస్తాం. ఎవరైనా గ్యారంటీ అడిగారా? మేఘాన్ని ప్లేస్‌మెంట్ చూపించమన్నామా? బోరు మీద బోరు వేసి, నీళ్లు పడక, మూడోది కూడా వేసినప్పుడు మా మరిది, మా ఆయన కలిసే వెళ్లారు. అప్పుడు లేని గ్యారంటీ పాప చదువు దగ్గరికి వచ్చేసరికి గుర్తొచ్చింది.

పోనీ బీటెక్‌కు గ్యారంటీ ఉందా? మా వీధిలో బీటెక్ అయినవాళ్లు ఏడుగురు. ఇద్దరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. వాళ్ల సంగతే అందరూ చెప్తారు. ఒకడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు, నాలుగో ఏడు. ఒకడు బంకులో లెక్కలు రాస్తున్నాడు. ఒకమ్మాయికి పెళ్లయింది, సర్టిఫికెట్లు పుట్టింట్లో బీరువాలో ఉన్నాయి. మిగతా ఇద్దరు కోచింగులు తిరుగుతున్నారు. నేను ఎవరినీ తక్కువ చేసి అనడం లేదు. ఇష్టం ఉండి చదివినవాళ్లు బాగుపడ్డారు. ఇష్టం లేకుండా చదివినవాళ్ల కష్టం ఆ తల్లులకే తెలుసు.

శబ్దం పని అంటే సినిమా ఒక్కటే కాదని కూడా తెలుసుకున్నాను. టీవీలు, డబ్బింగు, ఆడియో పుస్తకాలు, సభలు, కచేరీలు, ఆడిటోరియంలో గోడలు ఎలా కట్టాలో చెప్పేవాళ్లు, చెవి మిషన్లు తయారుచేసేవాళ్లు. కార్ల కంపెనీల్లో లోపలికి రొద రాకుండా, అదురు లేకుండా చూడడానికి ఇంజనీర్లు ఉంటారట. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అందరం పోయి గేటు బయట ఫొటోలు దిగాం. కారు తలుపు వేస్తే ఆ మెత్తటి చప్పుడు ఎవరు చేశారు అని మాలో ఒక్కరం అడగలేదు. పాప అడిగింది.

తర్వాత ప్రశ్న, గొంతు తగ్గించి అడిగేది. "రాత్రిళ్లు స్టూడియోల్లో పనంట కదా వదినా, ఆడపిల్లను యాడికని పంపుతావు?"

ఆసుపత్రిలో రాత్రంతా డ్యూటీ చేసే నర్సులు ఎవరి పిల్లలు? పొద్దు పొడవకముందే ఫ్యాక్టరీ బస్సులెక్కే అమ్మాయిలు ఎవరి పిల్లలు? రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు మడికి నీళ్లు కట్టడానికి టార్చిలైటు పట్టుకుని నేను మా ఆయన వెంట పోలేదా? పాములున్నాయని ఎవరైనా నన్ను ఆపారా? ఇంటికి అవసరమైతే ఆడదానికి రాత్రి భయం లేదు, ఆమెకు ఇష్టమైతే మాత్రం ఊరంతటికీ భయం. భద్రత గురించి అడగాల్సిందే. నేనూ అడిగాను. హాస్టలు ఎక్కడ, రాత్రి తిరిగి రావడానికి బండి ఎవరు పెడతారు, ఆ క్లాసులో ఎంతమంది అమ్మాయిలు, ఫిర్యాదు చేస్తే వినేదెవరు అని. అడగడం వేరు, అడ్డుపడడానికి అడగడం వేరు.

అయితే అమ్మలూ, ఇదంతా చదివి "పిల్లల ఇష్టానికి వదిలేయాలి" అని నేను అంటున్నాననుకోకండి. నా కోపంలో రెండో సగం వేరేవాళ్ల మీద ఉంది.

మరిది నవ్విన వారానికి నేను, పాప బస్సెక్కి ఒక పట్నంలో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ చూడడానికి వెళ్లాం. పేరు చెప్పను, ఇలాంటివి ఊరికి నాలుగున్నాయి. గాజు తలుపులు, గోడల మీద సినిమావాళ్ల ఫొటోలు, గది నిండా మిణుకుమిణుకుమనే బటన్ల బల్ల. పాప కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. ఏడాది డిప్లొమాకు ఆరు లక్షలు అన్నారు. నేను అడిగాను, "ఈ బల్ల ముందు ఒక్కొక్క పిల్లకు వారానికి ఎన్ని గంటలు దొరుకుతాది?" అని. "మేడమ్, మాది వరల్డ్ క్లాస్ స్టూడియో" అన్నాడు. "బ్యాచిలో ఎంతమంది?" అన్నాను. "స్పెషల్ అటెన్షన్ ఉంటుంది మేడమ్" అన్నాడు. "పోయినేడు చదివిపోయిన పిల్లల్లో ఇద్దరితో మాట్లాడొచ్చా?" అన్నాను. మేనేజరు లంచ్‌కు వెళ్లారన్నాడు. "ఇది డిగ్రీయా, మీరిచ్చే కాగితమా?" అన్నాను. "ఇండస్ట్రీలో డిగ్రీ ఎవరూ అడగరు మేడమ్" అన్నాడు. మరి ఆరు లక్షలు దేనికి?

అక్కడ మాకు ఆస్కార్ కథ చెప్పారు. రసూల్ పూకుట్టి కథ. నిజమే, ఆయన కేరళలో కొల్లం జిల్లా పల్లెటూరి మనిషి, 2009లో ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ సినిమాకు ఇంకో ఇద్దరితో కలిసి సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్నారు. కానీ ఆయన చదివింది గాజు తలుపుల దగ్గర కాదు. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసి, ఆ తర్వాత పుణెలో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. ఆ సగం చెప్పరు. ఒక్కరికొచ్చిన బంగారు బొమ్మను చూపించి వందమంది తల్లుల పుస్తెలు తాకట్టు పెట్టించడం వ్యాపారం. బీటెక్ వైపు తోసేవాళ్లు భయాన్ని అమ్ముతారు, వీళ్లు కలను అమ్ముతారు. రెండు చోట్లా బిల్లు కట్టేది మనమే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాప ఏడ్చింది. "నీకూ ఇష్టం లేదు కదమ్మా" అంది. అప్పుడు చెప్పాను. "నీకు చెవి ఉండాది. అది నాకు తెలుసు. కానీ పొలం కుదువ పెట్టి కాగితం కొనను. దారి వెతుకుదాం."

వెతికాం. ఫోనులో, తెలిసిన మాస్టర్లను అడిగి. అవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మద్రాసు తరమణిలో తమిళనాడు ప్రభుత్వానిది ఎం.జి.ఆర్. ఫిల్మ్, టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ఆడియోగ్రఫీలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది, ఇంటర్ తర్వాత చేరొచ్చు. పుణెలో 1960లో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కలకత్తాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, రెండూ కేంద్ర ప్రభుత్వానివి. సౌండ్ రికార్డింగ్, డిజైన్‌లో మూడేళ్ల కోర్సులున్నాయి. కానీ ముందు డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్లో ఫిజిక్స్ చదివి ఉండాలి. ఈ చివరి మాట పెన్నుతో గీత గీసి పెట్టుకోండి. "సౌండుకు ఫిజిక్స్ ఏంటికి" అని పిల్లలు పదో తరగతి తర్వాత ఏదో ఒక గ్రూపు తీసుకుంటే, ఈ తలుపులు అక్కడే మూసుకుంటాయి. ఇక బీటెక్‌లోనే ఈసీఈ తీసుకుంటే సిగ్నల్ ప్రాసెసింగ్ అనే పాఠముంటుంది. శబ్దాన్ని అంకెలుగా మార్చి చూసే చదువు అదే.

మన మెట్ట రైతుకు ఒక తెలివి ఉంది. వేరుశనగ ఒక్కటే వేయడు. సాళ్ల మధ్య కంది వేస్తాడు. వాన వెనకబడి కాయ పోతే కంది నిలబడుతుంది. మా పాప చదువుకు మేము వేసుకున్న లెక్క అదే. మద్రాసుకు దరఖాస్తు పెడతాం. సీటు వస్తే పంపుతాం. రాకపోతే అనంతపురంలోనే డిగ్రీ, ఫిజిక్సో ఎలక్ట్రానిక్సో, ఇంటి నుంచి బస్సులో. ఆ ఆరు లక్షల్లో పదో వంతు కూడా కాకుండా ఒక మంచి మైకు, కంప్యూటరుకు తగిలించే రికార్డింగు పెట్టె కొనిస్తాం. మూడేళ్లు జేజి పాటలు, ఉరుములవాళ్ల వాయిద్యం, ఏది దొరికితే అది రికార్డు చేసి చేయి తిప్పుకోవాలి. ఆ తర్వాత పుణె, కలకత్తా పరీక్షలు. అవీ రాకపోతే చేతిలో డిగ్రీ ఉంటుంది. ఈ లెక్క పాపను పక్కన కూర్చోబెట్టుకునే వేశాను. దాని నోటు పుస్తకంలోనే రాశాం.

నేను ఒక షరతు కూడా పెట్టాను, చెవుల గురించి. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు 8 గంటల కంటే వినకూడదు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి సగం తగ్గించుకోవాలి. ఈ సంగతి నాకు చెప్పింది పాపే. చెప్పింది కాబట్టి హెడ్‌సెట్ సౌండు తగ్గించుకోమని ఇప్పుడు రోజూ దానికే గుర్తుచేస్తున్నాను. పనిముట్టును కాపాడుకోనివాళ్లు ఏ పనీ చేయలేరు.

ఇంత పట్టుదల నాకెందుకు అని మా ఆయన అడిగారు. చెప్పాను. నేను బీఏ తెలుగు చదివాను. ఎందుకు తెలుగు అంటే, మా నాన్న ఫారం మీద ఖాళీ ఉన్నచోట ఏదో ఒకటి రాయమన్నారు. "ఆడపిల్లే కదా, ఏదైతే ఏం" అన్నారు. నన్నెవరూ అడ్డుకోలేదు. అడ్డుకోవాల్సినంత విలువ నా చదువుకు లేదు, అంతే. తెలుగు నాకు ఇష్టమైంది కాబట్టి సరిపోయింది. అది నా అదృష్టం, వాళ్ల ఆలోచన కాదు. నా కూతురి ఫారం మీద అలా ఏదో ఒకటి రాయనివ్వను. అది బీటెక్ అయినా సరే, ఆడియో అయినా సరే.

భయం లేదా అంటే ఉంది. రేపు పాప ఎక్కడా కుదురుకోకపోతే "తల్లి నెత్తికెక్కించుకుంది" అనే మాట నా మీదే పడుతుంది. కుదురుకుంటే "మా వంశంలోనే ఉంది" అంటారు. రెండూ నాకు తెలుసు.

మొన్న ఆదివారం మా మరిది వచ్చాడు. పాప మళ్లీ బీరువా తెరిచి, జేజిని కూర్చోబెట్టి, ఫ్యాను ఆపేసింది. మే నెల ఎండ. అందరం చెమటలు కక్కుతూ నోరు మూసుకుని కూర్చున్నాం. పాట అయ్యాక హెడ్‌సెట్ చిన్నాయన చెవులకు పెట్టింది. వాళ్లమ్మ గొంతు ఆయన అంత దగ్గరగా చిన్నప్పుడు విని ఉంటాడు. చాలాసేపు తీయలేదు. తీసి, "ఆ మద్రాసు ఫారం యాడ నింపాల?" అన్నాడు.

ఈసారి నేను నవ్వలేదు. ఫోను తెచ్చి ఇచ్చాను.